అలమర తలుపు వెనక

రోడ్డుకు అవతలి పెద్ద హోటల్లో పనిచేసినన్నాళ్ళూ ఆమెకు ఒక్క విషయంలో మాత్రం కాస్త గర్వం ఉండేది. ఆమె సర్దిన గదిలోకి అడుగుపెట్టిన వాళ్ళకు, తమకంటే ముందు అక్కడ ఇంకో మనిషి పడుకుని వెళ్ళాడన్న అనుమానం కలలో కూడా రాదు. దుప్పటి మీద ముడత ఉండదు. అద్దం మీద వేలిముద్ర ఉండదు. సింకులో వెంట్రుక, సొరుగులో పిన్నీసు, కిటికీ గట్టు మీద ఎవరో కప్పు పెట్టిన గుండ్రటి మరక, ఏదీ ఆమె కన్నుగప్పి బతికి బట్టకట్టలేదు. ఊరూరా అదే పేరుతో అవే గదులున్న హోటలు అది. ఏ ఊళ్ళో కళ్ళు తెరిచినా దీపం స్విచ్చి మంచానికి కుడిపక్కనే ఉంటుంది. నిన్న ఆ స్విచ్చిని ఎవరు నొక్కారో తెలియకుండా చెయ్యడమే అక్కడి పని.

ఇప్పుడామె రోడ్డు దాటి ఇవతలికి వచ్చింది. ఇది హోటలు కాదు, రిసార్టు. వినోదాల పార్కు గోడను ఆనుకుని ఉంటుంది. ఇక్కడి గదుల్ని జనం రాత్రికింతని అద్దెకు తీసుకోరు, ఏడాదిలో ఒక వారాన్ని కొనుక్కుంటారు. ఏటా అదే వారం, అదే గది, చిన్న వంటింట్లో అదే సొట్టగిన్నె. మిగిలిన వారాలు మిగిలిన కుటుంబాలవి. పనివాళ్ళు వాళ్ళను వారంవాళ్ళు అంటారు. వారంవాళ్ళు అతిథుల్లా రారు. చుట్టపుచూపుగా ఎక్కడికో వెళ్ళి సొంతింటికి తిరిగొచ్చినట్టు వస్తారు. లోపలికి రాగానే గోడలకేసి చూసి, కుర్చీ ఎవరు జరిపారని అడుగుతారు.

"హోటల్లో దిగినవాడు గది బాగాలేదని తిడతాడు. ఇక్కడ దిగినవాడు నా గదిని ఏం చేశారని తిడతాడు. రెండూ తిట్లే అనుకో, రెండోది కాస్త ఇంట్లోవాళ్ళు తిట్టినట్టు ఉంటుంది" అని పెద్దక్క మొదటిరోజే చెప్పింది. పెద్దక్క నిజానికి ఎవరికీ అక్క కాదు. అందరికంటే ముందు ఇక్కడ చేరింది కాబట్టి సూపర్‌వైజరుతో సహా అందరికీ పెద్దక్కే. అలాగే ఈమె అందరికీ కొత్తమ్మాయి. చెంపల దగ్గర జుట్టు నెరిసింది, ఇంట్లో తనను మించి ఎదిగిన కూతురుంది, అయినా ఇంకొకరు చేరేదాకా ఆ పేరు తప్పదు. నెల రోజులు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామని సూపర్‌వైజరు ముందే చెప్పాడు. ఆ నెల ఇంకా నిండలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆమె నాలుగో అంతస్తు చివరి గదిలో ఒక్కతే ఉంది. ఆ వారం కొనుక్కున్నవాళ్ళు ఎందుకో రాలేదు, గది ఖాళీగా పడి ఉంది. మర్నాడు దిగబోయే వాళ్ళ కోసం మూలమూలలా తుడవమని ఆమెకు అప్పగించారు. ముందు బాల్కనీ అద్దం పట్టింది. సాయంత్రం పూట పార్కులో ఊరేగింపు బళ్ళ మీంచి సబ్బుబుడగలు వదులుతారు. అవి గాలికి తేలుతూ నాలుగో అంతస్తు దాకా వచ్చి, అద్దానికి తగిలి పగిలి, సన్నటి వలయాలు మిగిల్చి పోతాయి. రోజూ తుడవాలి, రోజూ వస్తాయి. ఆ వలయాల్ని తుడుస్తుంటే ఎవరిదో నవ్వు తుడుస్తున్నట్టు ఉండేదామెకు. ఆ మాట పెద్దక్కతో అంటే, "పొద్దున్నే ఏమైనా తిన్నావా?" అని అడిగింది.

ఎండ వాలగానే పార్కులోని జెయింట్ వీల్ నీడ గదిలోకి వచ్చింది. పొడవాటి చువ్వల నీడలు నేల మీంచి మంచం మీదికి, మంచం మీంచి గోడ మీదికి మెల్లగా తిరుగుతూ పోయాయి. కాసేపు చూస్తే తిరుగుతున్నది నీడా, గదా అని తెలియదు. కింద ఎక్కడో కీలుగుర్రాల సంగీతం అరిగిన రికార్డులా ఒకే చోట తిరుగుతోంది. ఆ మగతలోనే ఆమె గోడ అలమర తెరిచింది. అరలు తుడిచి, హ్యాంగర్లన్నిటినీ ఒకేవైపు తిప్పి పెట్టి, తలుపు బార్లా తీసి లోపలివైపు చూసింది. నిండా పెన్సిలు గీతలు. కుడివైపు నీలం, ఎడమవైపు ఎరుపు, పక్కన చిన్న చిన్న అంకెలు.

ఎవరి పిల్లలో పాడుచేశారనుకుంది. తెల్ల స్పాంజి ముక్క తడిపి పట్టింది. నీలం గీతలు నాలుగు విసురుల్లో పోయాయి, వాటికేసి సరిగ్గా చూడను కూడా లేదు. ఎర్రవి మాత్రం మొండికేశాయి. ఒక్కొక్కదాన్నీ పట్టి రుద్దాల్సి వచ్చింది. ఐదు, ఆరు, ఏడు అని అంకెలు చదువుకుంటూ తొమ్మిది దాకా రుద్దింది. తలుపు కొత్త పళ్ళెంలా మెరిసింది. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే తృప్తిగా అనిపించింది.

అప్పుడే పెద్దక్క తువాళ్ళ దొంతర మోసుకుంటూ లోపలికి వచ్చింది. అలమర వంక చూసి, తువాళ్ళను మంచం మీద దబ్బున పడేసింది.

"ఏం పని చేశావే తల్లీ!"

"మరకలుంటే తుడిచానక్కా."

"అవి మరకలు కావే. పిల్లల ఎత్తులు. రేపొచ్చే వాళ్ళవే. ఆ తల్లి ఏటా వచ్చీ రాగానే పిల్లలిద్దర్నీ ఆ తలుపుకి ఆనించి నిలబెట్టి గీత గీస్తుంది. ఆ తరవాతే పెట్టెలు దించుకోవడం. రంగులేసే వాళ్ళొచ్చినా ఈ తలుపు జోలికి వెళ్ళనిచ్చే వాళ్ళం కాదు. వేరే వారాలవాళ్ళు కూడా చూసి నవ్వుకుని వదిలేస్తారు."

ఆమె చేతిలో స్పాంజి ఇంకా తడిగానే ఉంది. పిండితే ఎరుపూ నీలమూ కలిసి ఊదారంగు నీళ్ళు కారాయి. "నాకెవరూ చెప్పలేదక్కా" అంది.

"చెప్పాలని ఎవరికి తోస్తుంది? దాన్ని తుడవడానికి ఒకళ్ళకి చేతులొస్తాయని మేమేమైనా కలగన్నామా?" అని, ఆమె మొహం చూసి పెద్దక్క తగ్గింది. "సరే, ఏడవకు. హోటలు చెయ్యి కదా, దాని తప్పేముంది."

"సార్‌కి చెప్పేస్తాను."

"చెప్పు. నెల నిండకుండానే చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాడు." పెద్దక్క తువాళ్ళు మళ్ళీ దొంతర పెడుతూ గొంతు తగ్గించింది. "పోనీ, ఎక్కడెక్కడున్నాయో గుర్తుందా నీకు?"

గుర్తుంది. అంకెల్లో కాదు, ఒంటి మీద గుర్తుంది. రుద్దుతున్నప్పుడు ఐదు దగ్గర మోచేయి ఎక్కడ ఆనిందో, తొమ్మిది దగ్గర నడుము ఎంత నిటారైందో ఆమెకు తెలుసు. లాండ్రీలో గుర్తులు వేసే పెన్సిలు, ఒక కొస ఎరుపు, ఇంకో కొస నీలం, పెద్దక్క తీసిచ్చింది. ఎర్ర కొసతో ఆ గీతలన్నీ వరసగా గీసేసింది. నీలం దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"బాబు ఎంతుంటాడక్కా?"

"చెల్లెలికంటే నాలుగేళ్ళు పెద్ద. పొడుగు. నన్ను లాండ్రీలో వేశాక ఈ అంతస్తు మొహం చూసి చాన్నాళ్ళయింది. పోయినేటికి పదమూడు వచ్చి ఉంటాయి."

ఆమె తన కూతుర్ని తలుచుకుంది. ఐదేళ్ళప్పుడు తన నడుముకు వేలాడే తాళాలగుత్తిని తలతో కొట్టి గలగలలాడించేది. ఎనిమిదేళ్ళప్పుడు కావలించుకుంటే చెవి సరిగ్గా పొట్ట మీద ఆనేది. పదేళ్ళకు గుండె దాకా, పదమూడుకు గడ్డం దాకా. ఎత్తు కొలవడానికి ఆమెకు ఇంకో కొలబద్ద లేదు. బాబు పొడుగన్నారు కాబట్టి ఒక్కోచోట వేలెడు పైకి జరిపి, పదమూడు దాకా గీసింది. అంకెలు కొంచెం వంకరగా వేసింది. కొత్తదనం పోవడానికి చీర కొంగుతో పైపైన అద్దింది. ఒక గదిలో తన చేత్తో గుర్తు పెట్టడం ఆమె బతుకులో అదే మొదలు.

మర్నాడు ఆ కుటుంబం వచ్చేసరికి ఆమె కావాలనే ఆ అంతస్తు వరండాలో బండి పెట్టుకుని దుప్పట్లు సర్దుతోంది. లిఫ్టులోంచి ఒక తల్లి దిగింది, వెనక కుందేలు చెవుల టోపీ పెట్టుకున్న పాప. తండ్రీ కొడుకూ కింద కారు దగ్గరున్నారేమో అనుకుంది. లిఫ్టు మళ్ళీ పైకి వచ్చింది. సామాన్లవాడు పెట్టె దించి వెళ్ళిపోయాడు. ఇంకెవరూ రాలేదు.

గదిలో అలమర తలుపు తీసిన చప్పుడు వినిపించింది. ఆమె దిండుగలీబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"వచ్చాడు!" అంది లోపల్నించి తల్లి గొంతు. "చూడవే, అన్నయ్య వచ్చాడే!"

ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు తెలిసేలోపే ఆ తల్లి వరండాలోకి పరుగెత్తుకొచ్చి ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది. మనిషి నవ్వుతోంది, కళ్ళ నిండా నీళ్ళు.

"ఈ గది మీరే చూస్తారా అండీ? మా బాబు వచ్చాడు కదా, ఏ వారంలో వచ్చాడు? ఎవరితో వచ్చాడు?"

"నేను కొత్త, మేడమ్" అంది ఆమె. ఆ క్షణానికి నోటికి అదొక్కటే వచ్చింది.

"అవునా. ఏం లేదులెండి." ఆ తల్లి చేతులు వదల్లేదు. "మూడేళ్ళుగా నాతో మాట్లాడడండీ. మేం విడిపోయాం, వాడు వాళ్ళ నాన్న దగ్గరుంటాడు. సెలవులకి వాళ్ళూ ఈ ఊరే వస్తారు. అదిగో, ఆ ఎదురు హోటల్లో దిగుతారు." వరండా కిటికీలోంచి రోడ్డుకు అవతల ఎత్తుగా నిలబడ్డ భవనం వైపు గడ్డంతో చూపించింది. "ఆయనకి మొదట్నుంచీ ఈ వారం గోల నచ్చదు. చచ్చినట్టు ఏటా అదే గదికి ఎందుకు పోవాలి, హోటలైతే నచ్చినరోజు వెళ్ళచ్చు, పొద్దున్నే ఫలహారం వాళ్ళే పెడతారు, విసుగొస్తే ఇంకో ఊరు పోవచ్చు అనేవాడు. తప్పేం లేదు, ఆయన లెక్క ఆయనది. విడిపోయేటప్పుడు ఇల్లు ఆయన ఉంచుకున్నాడు, నేను ఈ వారం అడిగి తీసుకున్నాను. మా వాళ్ళంతా నవ్వారు. అలమర తలుపు కోసం తీసుకున్నానని ఎవరికి చెప్పుకోను?"

ఆమె చూపు తెరిచి ఉన్న గది గుమ్మం దాటి అలమర దాకా పోయింది.

"మొన్నటిదాకా వాడి గీతలు పదేళ్ళ దగ్గర ఆగిపోయి ఉండేవి. ఇప్పుడు చూస్తే పదమూడు దాకా ఉన్నాయి. నాకు తెలియకుండా ఏటా ఎప్పుడో ఒకప్పుడు వచ్చి నిలబడి వెళ్తున్నాడన్నమాట." ఆ తల్లి కళ్ళు తుడుచుకుంది. "ఇంతకుముందు ఎక్కడ చేసేవారు మీరు?"

"ఆ హోటల్లోనే, మేడమ్."

"అయ్యో, అయితే చూసే ఉంటారు! సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎడమ కనుబొమ మీద చిన్న గాటు. సైకిలు మీంచి పడ్డాడు."

ఆమె నిజంగానే వెతుక్కుంది. ఎన్ని గదులు, ఎన్ని సెలవులు. నేల మీద పడేసిన తడి తువాలు, సగం కొరికిన బిస్కెట్టు, మంచం కింద ఒంటరి మేజోడు. వీటిలో ఏది ఆ కుర్రవాడిదో. ఉండే ఉంటుంది. ఒక్కసారి కాదు, మూడు సెలవుల్లోనూ ఆమె చేత్తోనే వాణ్ణి తుడిచేసి ఉంటుంది.

"అక్కడ ఎవర్నీ చూడం మేడమ్. వాళ్ళు బయటికి వెళ్ళాకే మేం లోపలికి వెళ్తాం."

ఆ తల్లి ఆ మాటను పట్టించుకునే స్థితిలో లేదు. లోపలికి వెళ్ళి బాల్కనీ తలుపులు తెరిచింది. అప్పుడే ఊరేగింపు మొదలైనట్టుంది, బుడగలు ఒకటొకటిగా పైకి తేలి వస్తున్నాయి.

ఇంటికి వెళ్ళాక ఆమెకు అన్నం సయించలేదు. వాళ్ళుండేది ఒక గదీ వంటిల్లూ. ఇంటాయన అద్దెకిచ్చేటప్పుడే గోడకు మేకు కొట్టకూడదు, బొమ్మ అంటించకూడదు, గీత పడకూడదని చెప్పాడు. అందుకని ఆ గోడలు హోటలు గోడల్లాగే ఉంటాయి. వాళ్ళు రేపు ఖాళీ చేసినా అక్కడ ఇద్దరు మనుషులు బతికారని ఎవరికీ తెలియదు. కూతురు చాప మీద కూర్చుని స్కూలు ప్యాంటు అంచు విప్పుతోంది, మళ్ళీ పొట్టిదైపోయిందట. ఆమె జరిగిందంతా చెప్పింది.

"అయితే ఆ అబ్బాయివని గీసినవి నా కొలతలా?" అని కూతురు నవ్వింది. ఆ తరవాత నవ్వు ఆపి అడిగింది. "మరి ఇప్పుడు ఏం చేస్తావు?"

"చెప్తే ప్రాణం ఉసూరుమంటుందే. ఎంత సంతోషపడుతోందనుకున్నావు."

"చెప్పకపోతే?"

చెప్పకపోతే ఆ తల్లి వచ్చే ఏడు మళ్ళీ వస్తుంది, పధ్నాలుగో గీత కోసం తలుపు తీస్తుంది. అది ఎవరు గీస్తారు?

హోటల్లోలా ఇక్కడ రోజూ గది సర్దరు. వారం మధ్యలో ఒక్కసారి చెత్త తీసి, తువాళ్ళు మార్చి, సింకు కడిగి వస్తారు. బుధవారం నాడు ఆమె తలుపు తట్టేసరికి తల్లి బాల్కనీలో ఉంది. సన్నగా ఏదో కూనిరాగం వినిపిస్తోంది. పాప వంటింటి బల్ల మీద కూర్చుని కాళ్ళాడిస్తూ బిస్కెట్లు తింటోంది. ఆమె సింకు కడుగుతుంటే బల్ల దిగి దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, మీరేనా గీసింది?" అంది గుసగుసగా.

ఆమె చేతిలో గ్లాసు సింకులో జారింది. పగల్లేదు.

"అన్నయ్య ఎప్పుడూ గీతకి ముందు మునివేళ్ళ మీద లేస్తాడు, అమ్మ తల మీద మొట్టికాయ వేసి దించుతుంది. అందుకని వాడి గీతలన్నీ కొంచెం వంకరగా ఉంటాయి. ఇవి తిన్నగా ఉన్నాయి." పాప పెద్దదానిలా నిట్టూర్చింది. "నా ఏడేళ్ళది కూడా మీరు కొంచెం పైకి పెట్టారు. అది పరవాలేదు. కానీ అమ్మకి చెప్పకండి ఆంటీ, ప్లీజ్. అమ్మ పాట పాడుతోంది. వినండి."

ఆమె విన్నది. నిజంగానే పాడుతోంది. జెయింట్ వీల్ నీడ అప్పుడే గదిలోకి వచ్చి, పాప మొహం మీదుగా, అలమర మీదుగా తిరుగుతోంది. ఈ గది ఇలా తిరుగుతూనే ఉంటే, ఎవరూ దిగకపోతే ఎంత బాగుండునో అనిపించింది. తను నోరు మూసుకుంటే చాలు. ఇన్నేళ్ళూ ఏ గదిలోనైనా ఆమె చేసిందదే.

అంతలో తల్లి ఫోను పట్టుకుని లోపలికి వచ్చింది.

"వాడికి పొద్దున్న మెసేజ్ పెట్టానండీ" అంది ఆమెతో, సొంత మనిషితో చెప్పుకున్నట్టు. "నీ గీతలు చూశాను, నువ్వు వచ్చావని నాన్నకి చెప్పన్లే అని పెట్టాను. చూశాడు. జవాబివ్వలేదు. సిగ్గుపడుతున్నాడేమో."

సింకులో నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆమె కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంది. పాప ఆమె వంకే చూస్తూ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఆ గీతలు బాబువి కావు మేడమ్" అంది ఆమె. "నేను గీశాను. శుక్రవారం నాడు మరకలనుకుని అన్నీ తుడిచేశాను. తరవాత తెలిసి, భయమేసి, మళ్ళీ గీశాను. నీలంవి ఎక్కడ ఆగాయో చూడలేదు."

ఆ తల్లి అలమర దగ్గరికి వెళ్ళి తలుపు తీసింది. పదకొండు, పన్నెండు, పదమూడు. ఒక్కొక్క గీత మీదా వేలు పెట్టి చూసింది. పాప వెళ్ళి తల్లి నడుము పట్టుకుంది.

"నిజమే. అంకెలు నావి కావు" అంది చివరికి. గొంతులో కోపం కూడా లేదు, అందుకే ఆమెకు మరీ భయం వేసింది. "మొదటిరోజే అనిపించింది. కావలసింది కనబడ్డాక మిగతావి ఎవరు చూస్తారు? తుడిచారు, సరే. తెలియక తుడిచారు. ఈ మూడూ ఎందుకు కలిపారు?"

"ఏ బిడ్డా మధ్యలో ఆగిపోడు కదా అనుకున్నాను మేడమ్."

ఆ తల్లి అక్కడే అలమర ముందు నేల మీద కూర్చుండిపోయింది. "వాడు ఆగలేదు. నేను చూడ్డమే ఆగింది" అంది. అప్పుడు ఏడ్చింది. పాప టోపీ తీసి తల్లి ఒళ్ళో పెట్టి, పక్కనే కూర్చుంది.

"తుడిచేయమంటారా?" అని అడిగింది ఆమె.

"మళ్ళీనా?" ఆ తల్లి ఏడుపులోనే నవ్వింది. "వద్దు. మీరు వెళ్ళండి. మీ సార్‌కి నేనేం చెప్పను, భయపడకండి. వాడికే ఏం చెప్పాలో తెలీడం లేదు. అమ్మ కొత్త కట్టుకథ అల్లిందనుకుంటాడు."

ఆ తల్లి చెప్పనంది కానీ, ఆమె తనే వెళ్ళి సూపర్‌వైజరుకు చెప్పేసింది. మనసులో పెట్టుకుని తిరగడం ఆమె వల్ల కాలేదు. అతను అంతా విని బుర్ర గోక్కున్నాడు. "ఇప్పుడు గీతలున్నాయి కదా అక్కడ?" అన్నాడు. ఉన్నాయంది. "మరి ఇంకేంటమ్మా, పనుంటే చూసుకో" అన్నాడు. అంతకంటే తేలిగ్గా ఎవరూ ఆమెను క్షమించలేదు, అంతకంటే తక్కువగా ఎవరూ ఆమెను అర్థం చేసుకోనూ లేదు.

మిగిలిన రెండు రోజులూ ఆమె ఆ అంతస్తుకు వెళ్ళినప్పుడల్లా వరండా కిటికీ దగ్గర ఆగేది. అవతల హోటల్లో కిటికీలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒక్కలాంటి పరదాలు, ఒక్కలా సగం దాకా జరిపి. వాటిలో ఒకదాని వెనక ఎడమ కనుబొమ మీద గాటున్న కుర్రవాడు ఫోను చూసుకుంటూ కూర్చుని ఉండొచ్చు. ఏ కిటికీయో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ కిటికీల్ని అలా ఒక్కలా ఉంచడానికి ఆమె ఎన్నేళ్ళు వంగి పనిచేసింది! ఆ తల్లీ పాపా ఆమెకు ఎదురుపడలేదు, కూనిరాగమూ వినబడలేదు. ఆ చివరి గది ముందు నుంచి బండి తోసుకుపోతుంటే చక్రాల కీచు కూడా తప్పు చేసినట్టే వినిపించేది.

శనివారం మధ్యాహ్నానికి వాళ్ళు గది ఖాళీ చేసి వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఇంకో వారంవాళ్ళు దిగుతారు. ఆమె స్పాంజి, బకెట్టు పట్టుకుని లోపలికి వెళ్ళింది. మంచాల మీద దుప్పట్లు కుప్పగా ఉన్నాయి. బాల్కనీ అద్దం నిండా వలయాలే. వాటిని తుడిచింది. దుప్పట్లు తీసింది. వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు కడగబోయి ఆగింది.

సింకులో మూడు కప్పులున్నాయి.

ఎప్పుడూ రెండే ఉండాలి. బుధవారం రెండే కడిగింది. మూడో కప్పు అడుగున చక్కెర కరగకుండా మిగిలిపోయి ఉంది, కలుపుకోకుండా హడావుడిగా తాగేసినట్టు. ఆ కప్పును అలాగే పట్టుకుని అలమర దగ్గరికి నడిచింది. తలుపు తీసింది.

ఎర్ర గీతల పైన కొత్తగా పది అని ఉంది. నీలం గీతల వైపు ఆమె వేసిన పదకొండు పక్కన ఎవరో పెన్నుతో, మొండిగా, గట్టిగా ఒత్తి రాశారు: నేను కాదు. పన్నెండు పక్కన: నేను కాదు. పదమూడు పక్కన కూడా, ఇంకా గట్టిగా: నేను కాదు. ఆ పైన జానెడు ఖాళీ. ఆ ఖాళీకి పైన, తన తలను దాటి, చూడ్డానికి మెడ ఎత్తాల్సినంత ఎత్తున, కాస్త వంకరగా ఒక గీత. మునివేళ్ళ మీద లేస్తే ఎవరో దించినంత వంకర. దాని పక్కన ఒకే ఒక్క మాట ఉంది: నేను.

గట్టిగా నవ్వొచ్చింది ఆమెకు. కాదని చెప్పడానికే వచ్చి ఉంటాడు. రోడ్డు దాటి, లిఫ్టు ఎక్కి, అబద్ధమని నిరూపించడానికి అలమర తలుపు తీసి ఉంటాడు. తీశాక తల్లి ఏమందో, ఎవరు ముందు ఏడ్చారో, టీ ఎవరు కలిపారో ఆమెకు తెలియదు. వాళ్ళు బయటికి వెళ్ళాకే తను లోపలికి వస్తుంది. కానీ ఈసారి వచ్చేసరికి అన్నీ ఉన్నాయి, కప్పులతో సహా.

మిగతా గదంతా మెరిసేలా తుడిచింది. ఆ తలుపును మాత్రం పొడి వేలితో కూడా ముట్టుకోకుండా మూసింది. పెద్దక్కను పిలిచి చూపిస్తే, ఆవిడ ముక్కు మీద వేలేసుకుని, "నీ హోటలు చెయ్యి ఏ ఘడియలో పడిందో కానీ" అని, మిగతా మాట మింగేసి కళ్ళు ఒత్తుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పుతూనే, ఏప్రన్ జేబులో ఉండిపోయిన పెన్సిలు తీసింది.

"లే. ఆ గోడకి ఆని నిలబడు."

"ఎందుకమ్మా?" అంది కూతురు.

"నిలబడవే."

"ఇంటాయన చంపేస్తాడమ్మా."

"చంపనీ. మునివేళ్ళు దించు."

కూతురు నవ్వుతూ నిలబడింది. తల మీద గీత గీయడానికి ఆమె చెయ్యి పైకెత్తాల్సి వచ్చింది. తెల్లటి గోడ మీద అంగుళమంత నీలం గీత. దాని పక్కన అంకె వేసి, వెనక్కి జరిగి చూసుకుంది. గది ఒక్కసారిగా చిన్నదైపోయి, తమదైపోయినట్టు అనిపించింది.

కూతురు ఆమె చేతిలోంచి పెన్సిలు లాక్కుంది.

"ఇప్పుడు నువ్వు నిలబడు."

"నేనేం పెరుగుతానే ఇంకా?"

"నిలబడమ్మా" అని కూతురు ఆమెను భుజాలు పట్టి గోడకు ఆనించింది. ఆమె కళ్ళు మూసుకుని, మడమలు ఆనించి, కదలకుండా నిలబడింది. నెరిసిన జుట్టు మీద పెన్సిలు మెల్లగా ఆనింది.